కార్డు మీద రెండో పేరు

పెద్దాసుపత్రి లాండ్రీ, కింది అంతస్తు
వాడు పుట్టిన అయిదో రోజు

చెల్లీ,

వాడు బతికే ఉన్నాడు. ఈ ముక్క చదివాక ఓ గుక్క నీళ్ళు తాగు, తర్వాత మిగతాది చదువు.

అంబులెన్సు వచ్చేసరికి నేను మెట్ల దగ్గరే ఉన్నాను. ఒక గాజుపెట్టె, దాని చుట్టూ పరుగెత్తే నలుగురు, బోలెడన్ని గొట్టాలు. వాడు మాత్రం కనబడలేదు. మర్నాడు దుప్పట్లు ఇచ్చే వంకతో పైకి వెళ్ళి చూశాను. కిలో అరవై గ్రాములు. మనిషి మొత్తం నా గుప్పిట్లో పడతాడు, అందుకని గుప్పెడుగాడని పిలుస్తున్నాను. నువ్వు మంచి పేరు పెట్టేదాకా ఇదే. ముక్కు మాత్రం నీదే వచ్చింది, ఏం చేస్తాం.

నీ సంగతి మరిది చెప్పాడు. ఏడు నెలల కడుపుతో డిపోలో నడిచివెళ్ళే మనిషి కనబడలేదంటే, ఆ బస్సు వెనక్కి తీసినవాడి కళ్ళు ఎక్కడున్నాయో! తొడ ఎముక విరగడం ఒకటి, నెలలు నిండని కాన్పు ఒకటి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఏడవకు. ఏడిస్తే ఎముకా అతుక్కోదు, పాలూ పడవు.

ఇక్కడి పద్ధతులు విను. పసిపిల్లల ప్రత్యేక వార్డుకి పెద్ద నర్సుని తూకం సిస్టర్ అంటారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, రోజూ పొద్దున్నే పిల్లల్ని తూచేది ఆవిడే. తల్లి కాక ఇంకొక్కరినే లోపలికి రానిస్తుంది. ఆ ఒక్కరు ఎవరో తల్లే రాసివ్వాలి. కార్డు మీద మొదటి పేరు నీది, రెండోది ఖాళీగా ఉంది. మరిది లారీ ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటుందో ఆయనకే తెలియదు. నేను రెండంతస్తుల కిందే ఉంటాను. నన్నే రాయమని చెప్పడం లేదు, ఆలోచించుకుని నన్నే రాయి.

ఆవిడ పద్ధతి ఇంకొకటి ఉంది. అరచెయ్యంత గుడ్డముక్కలు నాలుగు పంపుతున్నాను. నువ్వు ఒకటి రెండు రోజులు గుండెల దగ్గర పెట్టుకుని పంపాలి, దాన్ని వాడి తల పక్కన పెడతారు. వాడి పక్కన ఉన్నది నీకు పంపుతారు. వాడికి తల్లి తెలుస్తుందట, నీకు పాలు పడతాయట. గుడ్డ ముక్కకి అంత మహిమ ఏముందో నాకు బోధపడలేదు కానీ, ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు ఈ ఆసుపత్రిలో లేరు. పాలు కూడా పిండి ఐసులో పెట్టి పంపగలిగితే గొట్టంలోంచి పడతారట. చూడు.

అక్క


ఎముకల ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, ఆరో మంచం
ఎనిమిదో రోజు

అక్కా,

నీళ్ళు తాగమన్నావు, పడుకుని తాగితే పొలమారింది. కాలికి బరువులు కట్టి కప్పుకి వేలాడదీశారు. తొమ్మిది వారాలు ఇలాగేనట. ఎనిమిదేళ్ళు నిలబడి టిక్కెట్లు కొట్టినదాన్ని, ఇప్పుడు పక్కకి తిరగాలన్నా ఇద్దరు రావాలి. ఫోను ఆఫీసు గదిలో ఉంది, అక్కడిదాకా నా మంచం నడవదు. కాబట్టి ఉత్తరాలే.

పాల సంగతి తేల్చేశాను. నన్ను చూడ్డానికి మా డిపో వాళ్ళు వస్తే చెప్పాను. మీ ఊరొచ్చే మొదటి బస్సు పొద్దున్న అయిదింటికి మా ఆసుపత్రి గేటు ముందు ఒక నిమిషం ఆగుతుంది. ఫ్లాస్కు, గుడ్డ, ఉత్తరం కండక్టరు సీటు కింద ప్రయాణం చేస్తాయి. పదింటికి నువ్వు బస్టాండులో అందుకో. ‘ప్రయాణికుడికి టిక్కెట్టు అక్కర్లేదు, ఒళ్ళో కూచునే వయసే’ అన్నాడు మావాడొకడు. నవ్వాను అక్కా. ఇన్ని రోజుల తర్వాత నవ్వాను, నవ్వితే కుట్లు లాగాయి.

వాడు పుట్టినప్పుడు నేను మత్తులో ఉన్నాను. కళ్ళు తెరిచేసరికి తీసుకెళ్ళిపోయారు. వాడు ఎలా ఉంటాడో నాకు తెలియదు. మగపిల్లాడని పక్క మంచం పంతులమ్మ చెప్పింది. కన్నదాన్ని నేను, కబురు చెప్పింది ఆవిడ.

కార్డు మీద నీ పేరే రాసి పంపుతున్నాను. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు. అద్దంలోంచి చూసుకోమని చెప్పాను. కానీ ఒక్క షరతు. పెట్టెలోంచి తీశాక వాణ్ణి గుండెకి హత్తుకునే మొదటి మనిషిని నేనే కావాలి. నేను లేచి వచ్చేదాకా ఆగండి. ఇంకేమీ అడగను.

నీ చెల్లి


లాండ్రీ
పధ్నాలుగో రోజు

చెల్లీ,

కిలో నూట ఇరవై! మొదట తగ్గి భయపెట్టాడు, ఇప్పుడు దారిన పడ్డాడు. నీ పాలు గొట్టంలోంచి చెంచాడు చెంచాడు పడుతున్నారు. కడుపు నిండగానే పెదవి ఓ పక్కకి పెట్టి ఒక మొహం పెడతాడు చూడు, జీతం తక్కువ పడినవాడి మొహం.

మీ కండక్టర్లకి నా తరఫున చెప్పు, ఒక్కరోజు తప్పలేదు. నిన్న ఒకాయన ఫ్లాస్కు ఇస్తూ ‘మావాడి బరువెంత?’ అన్నాడు. బస్సులో సగం మంది తల బయటపెట్టి విన్నారు.

గుడ్డల గురించి బెంగపెట్టుకోకు. మీ ఆసుపత్రి శుభ్రం ఎలాంటిదో నాకు తెలియదు, నీ పక్కన ఎవరు దగ్గుతున్నారో తెలియదు. నేను వచ్చినవి వచ్చినట్టే ఉడికే నీళ్ళలో వేసి, రెండుసార్లు జాడించి, ఇస్త్రీ పెట్టి, అప్పుడు పైకి పట్టుకెళ్తున్నాను. నీకు పంపేవీ అంతే. నా చేతిమీదుగా వెళ్ళిన గుడ్డ మీద పురుగు అన్నది బతకదు, పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఆ గాజుపెట్టెల వార్డుకి వెళ్ళే సంచీ మీద ఎర్ర గుర్తు ఉంటుంది, దాన్ని నేను తప్ప ఎవర్నీ ముట్టుకోనివ్వను.

పెట్టెకి రెండు గుండ్రటి కంతలుంటాయి. చేతులు కడుక్కుని అందులోంచి పెట్టి తల మీద ఒక చెయ్యి, కాళ్ళ మీద ఒక చెయ్యి ఉంచుతాను. అంతే, కదపకూడదు. రోజూ డ్యూటీ దిగాక రెండు గంటలు. నీకు రాస్తూ ఉంటే చేతులు చల్లగా అనిపిస్తున్నాయి, ఆ పెట్టె వెచ్చదనం అలవాటైపోయింది.

అక్క


ఆరో మంచం
ఇరవయ్యో రోజు

అక్కా,

నీ ఉత్తరం పంతులమ్మ చేత పైకి చదివించాను. ‘జీతం తక్కువ పడిన మొహం’ దగ్గర వార్డంతా నవ్వింది. అందరూ వాడి గురించే అడుగుతారు. వాడింకా కళ్ళు తెరిచాడో లేదో కానీ, ఇక్కడ పన్నెండు మంచాలకీ చుట్టమైపోయాడు.

వాడి గుడ్డ వచ్చిన రోజు నాకు వేరే మందు అక్కర్లేదు. మొహం మీద కప్పుకుని పడుకుంటాను. ఎంత శుభ్రమైన వాసనక్కా వాడిది! కాస్త సబ్బులా, కాస్త వేడి అన్నంలా. కళ్ళు మూసుకుని ఆ వాసన పీలుస్తూ పాలు పిండుతాను. పంతులమ్మకి కూడా ఇచ్చాను, ‘చూడండి మా వాడి వాసన’ అని. ఆవిడ వాసన చూసి నా తల నిమిరింది. పిల్లల్లేని మనిషి, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

పాలు మాత్రం తగ్గుతున్నాయి. మొదట్లో ఫ్లాస్కు సగం వచ్చేది, ఇప్పుడు పావు కూడా రావడం లేదు. ఇక్కడి నర్సు ‘పిల్లాడు పక్కన లేకపోతే అంతే’ అంటుంది. పిల్లాడి గుడ్డ పక్కనే ఉందిగా అన్నాను. నా ఒంట్లోనే ఏదో లోపం ఉందేమో. నువ్వు సిస్టర్ని అడుగు.

ఎప్పుడు బయటికి తీస్తారో కూడా అడుగు. నాకింకా ఆరు వారాలుంది. వాణ్ణి తొందరపడొద్దని చెప్పు.

నీ చెల్లి


లాండ్రీ
ముప్పై ఒకటో రోజు

చెల్లీ,

నీ ఉత్తరాలు మూడూ అందాయి. పని ఎక్కువగా ఉండి రాయలేదు. ఒక మిషను పాడైంది.

వాడు బాగున్నాడు. కిలో నాలుగువందల పది. మధ్యలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతుండేవాడు, ఇప్పుడు తగ్గింది. పాలు తగ్గాయని బెంగపడకు, వార్డులో వేరే పాలు ఉంటాయి.

సిస్టర్‌కి తీరిక దొరకలేదు, అడుగుతాను.

ఉంటాను,
అక్క


ఆరో మంచం
ముప్పై ఆరో రోజు

అక్కా,

నిన్న ఆయన వచ్చాడు. మీ వార్డు అద్దంలోంచి కొడుకుని చూసొచ్చిన సంతోషంలో, నోట్లో మాట ఆగక చెప్పేశాడు. ‘మీ అక్క గుండెల మీద ఎంత హాయిగా పడుకున్నాడనుకున్నావ్, పిల్లి పిల్లలా!’ అన్నాడు. ఎన్నాళ్ళుగా అని అడిగాను. రోజూ రెండు గంటలు, రెండు వారాల నుంచి అని చెప్పాక నా మొహం చూసి ఆగిపోయాడు.

ఊపిరి మర్చిపోతుండేవాడు, ఇప్పుడు తగ్గింది అని రాశావు. ఎలా తగ్గిందో రాయలేదు. నేను అడిగింది ఒక్కటి. ఒక్కటే అడిగాను.

అక్కడితో అయిపోలేదు. మీ తూకం సిస్టర్ ఆయన్ని ఆపి ‘గుడ్డలు ఉతికి పంపొద్దని మీ ఆవిడకి చెప్పండి, తల్లి వాసన ఉండాలి, ఇస్త్రీ వాసన కాదు’ అందట. ఆయన ఇంత మొహం చేసుకుని నన్ను అడిగాడు, ‘మంచం దిగలేనిదానివి, ఎలా ఉతుకుతున్నావే?’ అని.

నువ్వు రాశావులే, ఉడకబెడుతున్నానని. గొప్పగా రాశావు. నేనూ చదివాను. గుడ్డ వాసన కోసమని నాకూ ఎవరూ చెప్పలేదు, వాడి వాసన దానికదే నాకు దొరికిందనుకున్నాను. నెల రోజులు నేను ముక్కుకి హత్తుకున్నది మీ లాండ్రీ సబ్బు. దాన్ని పట్టుకుని నా కొడుకు అనుకుని ఏడ్చాను, ముద్దులు పెట్టాను. పంతులమ్మ ఎందుకు తల నిమిరిందో ఇప్పుడు అర్థమైంది. ఆవిడకి సబ్బు వాసన తెలుసు, నా మొహం చూసి చెప్పలేకపోయింది.

చిన్నప్పుడు అమ్మ పని నుంచి వచ్చి చేతులు చాస్తే నేను వెళ్ళేదాన్ని కాదట, నీ కాళ్ళ వెనక దాక్కునేదాన్నట. మూడేళ్ళొచ్చేదాకా నిన్నే అమ్మా అన్నానట. అమ్మ ఆ సంగతి అందరికీ చెప్పి నవ్వేది. ఎంత ఏడిస్తే అలా నవ్వొస్తుందో నాకిప్పుడు తెలిసింది. ఒక తల్లిని అలా చేశావు, చాలదా?

కంచే చేను మేసింది. సిస్టర్‌కి విడిగా ఉత్తరం రాశాను, ఈ ఫ్లాస్కుతోనే వస్తోంది, నువ్వే అందించు. కార్డు మీద నీ పేరు కొట్టేసి ఆయన పేరు రాయమన్నాను.

ఆరో మంచం


లాండ్రీ
నలభై అయిదో రోజు

చెల్లెమ్మ గారికి,

ఉత్తరం అందించాను. సిస్టర్ నా ముందే చదివింది. నా పేరు మీద గీత కొట్టడానికి స్కేలు తెప్పించుకుంది, వంకర లేకుండా కొట్టింది. తృప్తే కదా?

ఈ తొమ్మిది రోజుల్లో మీ ఆయన రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి పెట్టె పక్కన నిలబడి, జేబుల్లోంచి చేతులు తీయలేదట. రెండోసారి గుండె మీద పడుకోబెడితే పావుగంటకే చెమటలు పట్టి ‘తీసుకోండమ్మా, నా వల్ల కాదు’ అన్నాడట. ఆయన్ని అనడం లేదు. ఇరవై టన్నులు లాగేవాడికి కిలోన్నర బరువంటే భయం. మిగతా ఏడు రోజులూ వాడి మీద మనిషి చెయ్యి పడలేదు. నర్సులకి పదహారు మంది పిల్లలు.

వాడు నలభై గ్రాములు తగ్గాడు. ఆయా చెప్పింది. మళ్ళీ ఊపిరి ఆపుతున్నాడు, నిన్న రెండుసార్లు గంట మోగింది. నేను కింద వాడి దుప్పట్లు ఉతుకుతున్నాను. నాలుగో పెట్టె అని సంచీ మీద రాసి ఉంటుంది. అది విప్పి, వాడు ఈ రోజు ఎంత కక్కాడో మరకలు చూసి లెక్క వేసుకుంటున్నాను. రెండంతస్తులు ఎక్కితే వాడున్నాడు. తలుపు దగ్గర ఫ్లాస్కు ఇచ్చి దిగిపోతున్నాను, బస్టాండు పోర్టరులాగ.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, ఆ అమ్మ నువ్వేనే. నా మీద కోపముంటే నన్ను తిట్టు, డిపోలో నేర్చుకున్న తిట్లన్నీ తిట్టు. ఆ కోపం వాడి మీద తీర్చుకోకు. నువ్వు అక్కడ పడుకుని పౌరుషం చూపిస్తున్నావు, వాడు ఇక్కడ గ్రాములు ఇచ్చుకుంటున్నాడు.

గుడ్డలు ఇప్పుడు ఉతకడం లేదు. విప్పకుండా అలాగే ఇస్తున్నాను. అమ్మ మాట ఎత్తావు. అమ్మ రెండు షిఫ్టులు చేసేది, నీకు పాలు పట్టి, ముడ్డి కడిగి, నిద్రపుచ్చింది ఎవరో అమ్మకి తెలుసు. పన్నెండేళ్ళకే బడి మానేసి నిన్ను చంకనెత్తుకున్నాను. ‘ఎందుకెత్తుకున్నావే’ అని ఇప్పుడు అడుగుతున్నావు.

అక్క


ఆరో మంచం
నలభై ఆరో రోజు

అక్కా,

నీ పేరు మళ్ళీ రాయమని సిస్టర్‌కి రాశాను. నీ కోసం కాదు, నీ బడి కోసమూ కాదు. ఆ నలభై గ్రాముల కోసం.

ఇవాళే వెళ్ళు. ఈ ఉత్తరం కూడా తర్వాత చదువుకో, ముందు వెళ్ళు.

వచ్చాక ఒక్కదానికి జవాబు రాయి. గుడ్డలు ఉతక్కూడదని నీకు ఏ రోజున తెలిసింది? ఆయన సిస్టర్ని అడిగితే ‘ఆవిడకి ఎప్పుడో చెప్పానే’ అందట. ఎప్పుడో అంటే నాకు చాలదు, రోజు కావాలి. తప్పయిపోయిందీ, తెలియక చేశానూ అని నాకు వద్దు. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉండకు, నీకది నప్పదు.

నీ చెల్లి


లాండ్రీ
నలభై తొమ్మిదో రోజు

చెల్లీ,

మొదట వాడి సంగతి. మూడు రోజుల్లో అరవై గ్రాములు పెరిగాడు. గంట మోగలేదు.

నువ్వడిగిన రోజు ఇరవై మూడోది.

ఆ రోజు సిస్టర్ నీ గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని ‘ఇదేంటి, ఇందులో తల్లి వాసన ఏదీ?’ అంది. గుడ్డ ఎందుకో అప్పుడు విడమరిచి చెప్పింది. నేను వెర్రిదానిలా నిలబడ్డాను. అప్పటిదాకా చేసింది తెలియక చేసిందే, ఒట్టు. ఆ వార్డుకి గుడ్డ ఉడక్కుండా వెళ్తే పిల్లలు పోతారని ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారు నాకు. గుడ్డ కనబడితే చేతులు వాటంతటవే వేణ్ణీళ్ళ వైపు వెళ్తాయి.

వాణ్ణి నా గుండె మీద వేసింది కూడా ఆ రోజే. ఊపిరి ఆపుతున్నాడు, ఎవరో ఒకరి ఒంటికి ఆనుకుని ఉంటే గుర్తొస్తుంది అంది సిస్టర్. నీ షరతు నాకు గుర్తుంది. ఈ సంగతి రాసి ఉంటే నువ్వు ఆ క్షణమే సరేననేదానివి, అది కూడా నాకు తెలుసు. అందుకే రాయలేదు. నువ్వు సరేనంటే అది నువ్వు నాకు ఇచ్చింది అవుతుంది. ఒకరు ఇచ్చింది కాకుండా, నాదే అయింది ఒకటి కావాలనిపించింది నాకు. నా కడుపు రెండుసార్లు నిండింది, రెండుసార్లూ ఖాళీ అయింది. ఆ దుప్పట్లు కూడా నేనే ఉతుక్కున్నాను. నీకు చెప్పలేదు, అప్పుడు నీ పెళ్ళి హడావుడిలో ఉన్నావు.

మర్నాడు నీ గుడ్డ వచ్చింది. చేతిలో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నీ చెమట, నీ పాలు, చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన నీ వాసన. దీన్ని వాడి పక్కన పెడితే వాడికి నువ్వు తెలుస్తావు, గుండె మీద వేసుకున్న నేను తల్లిని కాదని తెలుస్తుంది అనిపించింది. ఉడికే నీళ్ళలో వేసేశాను. అప్పటి నుంచి నువ్వు పేరు కొట్టించే దాకా ఆరు గుడ్డలు, తెలిసే ఉడకబెట్టాను. నీకు పంపినవి కూడా. నీ పాలు తగ్గుతున్నాయని నువ్వు రాసిన ఉత్తరం జేబులో పెట్టుకునే ఉడకబెట్టాను.

క్షమించమని అడగను. క్షమిస్తే ఏం చేసుకోవాలో నాకు తెలియదు.

అక్క


ఇల్లు
ఎనభై నాలుగో రోజు

అక్కా,

ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది. కర్రల మీద నడుస్తున్నాను. వాడు రెండు కిలోల నాలుగువందలు. ఇక్కడి ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి తూచి వెళ్ళింది. పాలు డబ్బావే, నావి పూర్తిగా ఆగిపోయాయి.

ఆ రోజు వార్డు గుమ్మంలో వాణ్ణి నా చేతుల్లో పెట్టగానే గుక్కపట్టాడు. మొహం నల్లగా కమిలిపోయింది. సిస్టర్ నీ వైపు చూసింది, ఆయన చూశాడు, ఆఖరికి నేనూ చూశాను. నువ్వు చేతులు వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకున్నావు, కదల్లేదు. అయిదు గంటల ప్రయాణంలో నాలుగు గంటలు ఏడ్చాడు. మా డిపో బస్సే. ఫ్లాస్కు మోసిన కండక్టరే డ్యూటీలో ఉన్నాడు, వాణ్ణి చూడాలని ఎంత ఆశపడ్డాడో, చూసి మొహం తిప్పుకున్నాడు.

నీ నలభై తొమ్మిదో రోజు ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. ఇప్పుడూ రాయలేను. రోజూ ఒకసారి తీసి చదువుతాను, ఒకరోజు నీ కోసం ఏడుపొస్తుంది, ఒకరోజు చింపేయాలనిపిస్తుంది. క్షమించానని అబద్ధం రాయను.

ఆర్నెల్లదాకా నువ్వు ఇక్కడికి రావద్దు. ఫోను కూడా చెయ్యొద్దు, నీ గొంతు వినబడినా వాడు గుర్తుపడతాడేమోనని నాకు భయం. వాడు ఒక్కసారి నీ వైపు చేతులు చాస్తే నేను ఇంక బతకలేను. నిజంగానే చెబుతున్నాను.

ఇంత రాసి, ఇప్పుడు ఇది కూడా రాయాల్సొస్తోంది. పన్నెండు రోజులుగా వాడు ఏడుస్తున్నాడు. అలసిపోయి పడుకుంటాడు, లేచి మళ్ళీ ఏడుస్తాడు. నేను ఎత్తుకుంటే వెనక్కి విరుచుకుంటాడు. నిన్న ఆయన తలుపు దగ్గర నిలబడి ‘ఒకసారి మీ అక్కకి...’ అన్నాడు. కర్ర తీసి విసిరాను. ఆయనకి తగల్లేదు, గోడకి తగిలింది. ఆ చప్పుడికి వాడు ఇంకా ఏడ్చాడు.

నీ దగ్గర ఎలా ఊరుకునేవాడు? ఏ భుజం మీద వేసుకునేదానివి? ఏమైనా పాడేదానివా? ఎదురుగా ఉంటే నా నోట్లోంచి ఈ మాట చచ్చినా రాదు. అందుకే రాస్తున్నాను. రేపటి మొదటి బస్సుకే జవాబు ఇచ్చి పంపు.

నీ చెల్లి


లాండ్రీ
అదే రోజు

చెల్లీ,

ఎడమ భుజం. తల నీ మెడ వంపులో పడాలి, చెవి కింద. పైకి ఎత్తితే విరుచుకుంటాడు, రెండు వేళ్ళు కిందికి జార్చు.

వీపు తట్టకు. తడితే ఉలిక్కిపడతాడు, పెట్టెలో గంటలు విన్న ప్రాణం. అరచెయ్యి వీపు మీద ఆనించి అలాగే ఉంచు. నీకు నిదానం తక్కువ, చెయ్యి కదపాలనిపిస్తుంది, కదపకు. నూరు లెక్కపెట్టు.

పాదాలు రెండూ కలిపి ఇంకో చేత్తో పట్టుకో. కర్రలు పట్టుకుని నిలబడి చెయ్యలేవు, కుర్చీలో కూర్చుని చెయ్యి. పాదాలు వదిలేస్తే పడిపోతున్నాననుకుంటాడు.

పాలు తాగుతూ మధ్యలో ఆపేసి మొహంలోకి చూస్తాడు. అప్పుడు బుజ్జగించకు, సీసా నొక్కకు. నువ్వూ చూస్తూ ఉండు. చూడటం అయిపోయాక వాడే మొదలుపెడతాడు.

ఒకటి దాచుకుందామనుకున్నాను. పైవన్నీ సిస్టర్‌ని అడిగినా చెబుతుంది, ఇది ఆవిడకి కూడా తెలియదు. ఇంతవరకు రాసి కవరు అంటించాను, మళ్ళీ చింపి రాస్తున్నాను. పాటలూ గీటలూ ఏమీ లేవు, నాకు పాడటం రాదని నీకు తెలుసు. నోరు మూసుకుని గొంతులో ‘ఊఁ’ అను. ఒకే స్థాయిలో, హెచ్చు తగ్గులు లేకుండా, ఊపిరి అయిపోయేదాకా. మళ్ళీ ఊపిరి తీసుకుని మళ్ళీ. మా దగ్గర పెద్ద ఆరబెట్టే మిషను అలాగే మోగుతుంది, రోజంతా వినీ వినీ నాకు తెలియకుండానే వచ్చేసింది. నీ గుండె అదరడం వాడికి తగలాలి. మూడోసారికి కళ్ళు వాలుస్తాడు, అయిదోసారికి ఒళ్ళు వదిలేస్తాడు.

ఇవన్నీ ఒక్కటి వదలకుండా పది రోజులు చెయ్యి. మొదటి రెండు రోజులు ఏడుస్తాడు, నువ్వు ఆపకు. ఆ తర్వాత నువ్వే నేననుకుంటాడు. ఇంకో నెలకి నేనంటూ ఒకదాన్ని ఉన్నానని వాడికి తెలియదు.

ఆర్నెల్లన్నావు, సరే. అంత అక్కర్లేదు కూడా.

ఇంకేమైనా ఉందా అని మళ్ళీ రాయకు. ఇక నా దగ్గర వాడివి ఏమీ లేవు.

అక్క